అవతల జాతి

అటక మీది ధాన్యం మొలకలెత్తిన వరద వచ్చిందే, దాని తర్వాత మూడో ఏడు జరిగిందిది. గువ్వలలంకలో ఏ సంగతికైనా లెక్క అలాగే. పెళ్లిళ్లూ, పుట్టుకలూ, తగాదాలూ అన్నీ ఏదో ఒక వరదకు ముందో వెనకో ఉంటాయి.

ఆ వరద పోతూ పోతూ లంకకు తూర్పు గట్టు కొరుక్కుపోయింది. పడమటి పక్క మాత్రం మంచి మేట వేసింది. గోదారి పద్ధతే అంత. ఒక పక్క తిని ఇంకో పక్క కక్కుతుంది. తూర్పు గట్టు మీద యాండ్ర పోసియ్య ఇల్లు చివరిది. మొదట్లో చివరిది కాదు. దాని పక్కన ఇంకా ఇళ్లుండేవి. అవి గోదారిలో కలిసిపోయాక ఇది చివరిదైంది. ఇప్పుడు పెరటి తలుపు తీస్తే పెరడు లేదు, నీళ్లే. పోసియ్య పెళ్లాం మంగాయమ్మ గిన్నెలు కడిగి ఆ కుడితి గుమ్మంలోంచి విసిరితే తిన్నగా గోదారిలో పడుతోంది.

"వచ్చే వరదకి మనిద్దరం మంచం మీద పడుకునే అంతర్వేది తీర్థం ఎల్తాం. పడవ ఖర్చు కూడా ఉండదు" అనేది మంగాయమ్మ.

పోసియ్య "ఊఁ" అనేవాడు. ఆయన మాటల మనిషి కాదు. అవసరమైతే ఊఁ అంటాడు. అవసరం లేకపోతే అదీ అనడు. ఆయనకు కావలసింది ఒక్కటే. వరదలొచ్చేలోగా ఆ పడమటి మేట మీద గుడిసె వేసుకోడానికి ఇంత జాగా.

మేట మీద ఇళ్ల స్థలాలు ఇస్తామని సర్కారువారు కూడా అన్నారు. అందరూ సంతోషించారు. సంతోషించిన వారం తిరక్కుండా ఇంకో కబురొచ్చింది. మేట భూములు మూలవాసులకే ఇవ్వాలట. మూలవాసి అంటే ఈ నేల మీదే పుట్టి, తాతముత్తాతలు కూడా ఈ నేల మీదే పుట్టినవాడట. ఎవరు మూలవాసో, ఎవరు వలస వచ్చారో, ఎవరిది ఏ జాతో ఇంటింటికీ తిరిగి అడిగి తేల్చడానికి మూలాన్వేషణ మండలి అని ఒకటి పెట్టారు. ఆ రోజుల్లో పట్నాల్లో ఈ పిచ్చి బాగా ముదిరి ఉంది. ఎవరి ఇంటికి వెళ్లినా కాఫీ ఇవ్వకముందే మా పూర్వీకులు ఫలానా చోటునుంచి వచ్చారని చెప్పేవారు. అది పట్నం దాటి ఏరు దాటి లంకకు కూడా వచ్చింది.

రేపు ఊళ్లో మూలాల పరీక్ష అని దండోరా వేశారు. మర్నాడు పొద్దున్నే బడి దగ్గర మొదటి వరసలో నిలబడ్డవాళ్లంతా మొలల జబ్బువాళ్లే. పడవ నడిపే బుల్లియ్య అందరికంటే ముందున్నాడు.

"డాక్టరుగారండీ, కూర్చుంటే మంటండి. నించుంటే పరవాలేదండి. పడవ నించునే నడుపుతున్నానండి" అని చెప్పుకున్నాడు.

"నేను ఆ డాక్టరును కాను" అన్నారు మండలి డైరెక్టరు పరాంకుశంగారు. ఆయన పేరు ముందు కూడా డాక్టరని ఉంది గాని, అది చదువు తాలూకు డాక్టరు. ఆయన బడి అరుగెక్కి గొంతు సవరించుకున్నారు. "గ్రామస్థులారా! మీరు ఎవరు? ఈ ప్రశ్నను మీరు ఎన్నడైనను వేసుకొంటిరా? వేసుకొని ఉండరు. అందువలననే మండలి మీ ముంగిటికి విచ్చేసినది. మీరెవరో మీకు తెలియజేసి గాని మేము వెనుదిరగబోము."

"మందు ఇవ్వరా అయితే?" అన్నాడు బుల్లియ్య.

ఇవ్వరని తెలిశాక మొదటి వరస మొత్తం ఇళ్లకు పోయింది.

మండలివారే ఇళ్లకు బయల్దేరారు. పోసియ్య ఇంటికి శ్రీకర్ అనే పరిశోధకుడు వచ్చాడు. మంచి కుర్రాడే. పట్నంలో పెద్ద మేడల మధ్య పుట్టి పెరిగాడు. ఏరు చూడ్డం అదే మొదలు. పోసియ్య నులకమంచం వాల్చి కూర్చోమన్నాడు.

"తాతగారూ, మీ కుటుంబం ఈ లంకకు ఎక్కడి నుంచి వచ్చింది?"

పోసియ్య నోట్లోంచి చుట్ట తీశాడు. "అవతల్నించండి."

"అవతల! మీ నాన్నగారు పుట్టింది?"

"అవతలేనండి."

"తాతగారు?"

"ఆయనా అవతలే. అందరం అవతలోళ్లమేనండి."

శ్రీకర్ కళ్లు మెరిశాయి. లంకలో అవతల అంటే ఏరు దాటాక ఉన్నదంతా. బియ్యం అవతల్నించి వస్తాయి. మంత్రసాని అవతల ఉంటుంది. పిల్లనిచ్చేదీ తెచ్చుకునేదీ అవతలే. ఆ సంగతి విప్పి చెప్పాలని పోసియ్యకు తోచలేదు. తోచినా చెప్పేవాడు కాదు.

"అవతలలో ఏ భాష మాట్లాడతారు?"

"ఇదేనండి. కాత్త గట్టిగా మాట్లాడతారు."

రేవు అటు ఒడ్డున నించుని ఇటు ఒడ్డు పడవను పిలవాలంటే గట్టిగానే మాట్లాడాలి మరి.

"వారి ఆహారపు అలవాట్లు?"

దీనికి మంగాయమ్మ చావిట్లోంచి జవాబు చెప్పింది. ఆవిడ గేదెకు చిట్టు కలుపుతోంది. "పులుసులో బెల్లం ఏత్తారండి అవతలోళ్లు. మా తోడికోడలు ఏత్తాది. నోట్టో పెట్టలేం."

"అమ్మగారూ, మరి మీ జాతి ఏమిటి?"

"ముర్రాదండి!" అంది మంగాయమ్మ గేదె వీపు నిమురుతూ. "మేలుజాతి. మా పుట్టింటోళ్లు తోలిచ్చారు. కొమ్ములు చూడండి, జిలేబీ చుట్టల్లాగున్నాయి."

శ్రీకర్ కొమ్ముల వైపు చూడలేదు. తలొంచుకుని రాసుకుంటున్నాడు.

లేచి వెళుతుంటే పోసియ్య ఆ రోజు మొత్తానికి తనంతట తానుగా ఒక మాట అడిగాడు. "మేట మీద జాగా ఇత్తారాండీ?"

"మీ మూలం తేలగానే, తాతగారూ."

పోసియ్య వెనక తిరిగి గట్టు వైపు చూశాడు. గట్టు కూడా మెల్లగా తేలిపోతూనే ఉంది.

అదే రోజు శ్రీకర్‌కు రేవులో నీడన కూర్చున్న మనిషొకడు కనిపించాడు. పేరు సింహాచలం. బొబ్బిలి వైపు మనిషి. గంట వాయించుకుంటూ ఊరూరా పీచుమిఠాయి అమ్ముతాడు. గువ్వలలంకకు రావడం అదే మొదలు, ఆ పొద్దుటి పడవకే వచ్చాడు. బయటినుంచి వచ్చి సరుకు అమ్మేవాళ్ల దగ్గర పంచాయతీవారు ఆశీలు వసూలు చేస్తారు. చేతిలో కాగితాలు పట్టుకుని, చెప్పులేసుకుని వస్తున్న శ్రీకర్‌ను చూడగానే సింహాచలం గంట వెనక్కి దాచాడు. ఆశీలువాడే అనుకున్నాడు.

"మీరు ఎక్కడి నుంచి వచ్చారు?"

"నానా బావూ? నానెక్కడినించి రాలేదు. నానిక్కడోణ్ణే."

"మీ నాన్నగారు?"

"ఇక్కడే పుట్టినాడు, ఇక్కడే పోనాడు."

"తాతగారు?"

"మా తాత, మా తాతకి తాత, అంతా ఇక్కడే బావూ. ఈ ఇసక మీదే. మాకు ఆశీలు నేదు."

"ఆశీలు నేదు" అని శ్రీకర్ భక్తిగా రాసుకున్నాడు. ఆ జాతివాళ్ల దేవుడి పేరేమో అనుకున్నాడు.

పది రోజులకు పరాంకుశంగారు మళ్లీ బడి అరుగెక్కారు.

"గ్రామస్థులారా! పరిశోధనా ఫలితములు దిగ్భ్రాంతి గొలుపుచున్నవి. ఈ లంకలో నివసించు యావన్మందియు అవతల అను దేశమునుండి వలస వచ్చినవారు. కనుక మీరు అవతల జాతీయులు. వీరు బిగ్గరగా మాట్లాడుదురు, పులుసులో బెల్లము వేయుదురు. వీరిలో ముర్రా అను మేలైన ఉపశాఖ కలదు. ఆ శాఖవారు కొమ్ములు ధరించుటను గౌరవముగా భావింతురు."

మంగాయమ్మ నెత్తి మీది కొంగు సర్దుకుంది. జనం ఆవిడ నెత్తి వైపే చూస్తున్నారు.

"ఇక ఈ లంకకు మూలవాసులు ఎవరు? ఒకే ఒక్కరు మిగిలియున్నారు. వారే శ్రీ సింహాచలంగారు. పడమటి మేట యావత్తును మండలి వారికే దఖలు పరుచుచున్నది."

జనం తిరిగి చూశారు. జనం చేరతారని ఆ రోజు మళ్లీ ఊళ్లోకి వచ్చిన పీచుమిఠాయి సింహాచలం గంట చేత్తో పట్టుకుని, వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు.

"మరి మా జాగా అండీ?" అన్నాడు పోసియ్య. వెనక వరసలోంచి అన్నా అందరికీ వినిపించింది. ఆయన గొంతు అంతవరకు విననివాళ్లు ఊళ్లో చాలామందే ఉన్నారు.

"మీ జాగా మీ అవతలలో ఉండును, పెద్దాయనా. అన్యుల భూమిని ఆశించరాదు."

సింహాచలం ఆ సాయంత్రం పడవకే ఊరు దాటబోయాడు. రేవులో ఇద్దరు కానిస్టేబుళ్లు దండం పెట్టి ఆపారు.

"తవరు దాటకూడదండి. తవరు దాటితే మూలవాసులు అంతరించిపోతారంట. పైనించి ఆర్డరు."

"నాను అంతరించిపోను బావూ, బొబ్బిలి పోతాను!"

"అదే వద్దంటున్నారండి."

ఆ రోజునుంచి సింహాచలానికి సర్కారు కాపలా. గుడిసె లేదు గనక పోసియ్య ఇంటి అరుగు మీద పడుకునేవాడు, మంగాయమ్మ పెట్టిన అన్నం తినేవాడు. మండలివాళ్లు రోజూ వచ్చి ఫొటోలు తీసేవారు. పీచుమిఠాయి చెయ్యమనేవారు. మూలవాసుల గులాబీరంగు నూలు ఆహారం అని దాన్ని గాజుపెట్టెలో పెట్టి పట్నం పంపారు. దారిలో చీమలు తినేశాయని మళ్లీ చెయ్యమన్నారు. ఆ జాతి పెరగాలని స్వజాతి వధువు కోసం కూడా వెతికారు. దొరకలేదు.

"నాకు పెళ్లయిపోనాది బావూ. ముగ్గురు గుంటలు" అన్నాడు సింహాచలం.

"ఆమెది ఏ జాతి?" అని శ్రీకర్ ఆత్రంగా అడిగాడు.

"మా మేనత్త కూతురు బావూ."

శ్రీకర్ అది కొట్టేశాడు. మేనత్త ఉన్నట్టయితే మూలవాసులు ఒక్కరు కాదు, ఇంకా ఉన్నారన్నమాట. నివేదిక అప్పటికే అచ్చుకు వెళ్లింది.

సింహాచలం మంగాయమ్మ దగ్గర కూర్చుని ఏడ్చేవాడు. "ఒక్క అబద్దం ఆడినానమ్మా. ఆశీలుకి బయపడి ఆడినాను. ఆ మేట నానేటి సేసుకుంటాను? తాతా, నువ్వే తీసేసుకో."

మంగాయమ్మ మొగుణ్ణి మోచేత్తో పొడిచింది. "ఇనపడిందా? ఎల్లి అడుగు."

పోసియ్య వెళ్లి అడిగాడు. మూలవాసి భూమి చేతులు మారరాదని పరాంకుశంగారు సెలవిచ్చారు. పోసియ్య వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. ఆ వారం పెరటి గుమ్మం మెట్టు గోదారిలో పడిపోయింది. మంగాయమ్మ ఈసారి అంతర్వేది మాట కూడా ఎత్తలేదు. అందుకు పోసియ్యకు ఎక్కువ భయమేసింది.

ఈలోగా పై నుంచి తాకీదు వచ్చింది. అవతల జాతీయులను అన్యాయంగా పరాయి నేల మీద ఉంచడం బాగా లేదు, వాళ్లను స్వదేశానికి సగౌరవంగా తరలించి అక్కడే ఇళ్ల స్థలాలు ఇవ్వాలి అని. మాట బాగానే ఉంది. తరలించాలంటే ముందు అవతల ఎక్కడుందో తెలియాలి. పటాల్లో ఎక్కడా లేదు.

పరాంకుశంగారు స్వయంగా బయల్దేరారు. లాంచీ దిగి తూర్పు ఒడ్డు రేవులో కాఫీ హోటలు దగ్గర ఆగారు.

"అయ్యా, అవతల అనునది ఇదియేనా?"

కాఫీ వడపోస్తున్నాయన ఎగాదిగా చూశాడు. "ఇది ఇవతలండి. అవతలంటే అదిగో, ఆ లంక."

"లంకలోనివారు ఇదియే అవతల అనిరే!"

"ఆళ్లు అక్కణ్ణించి అంటారండి. మేం ఇక్కణ్ణించి అంటాం."

పరాంకుశంగారు కాఫీ తాగడం మర్చిపోయారు. అటు చూశారు, ఇటు చూశారు. ఆ సాయంత్రమే పత్రికలవాళ్లను పిలిచి ప్రకటన చేశారు. అవతల ఒకటి కాదు, రెండు. తూర్పు అవతల, పశ్చిమ అవతల. పూర్వము ఇవి ఒకే అఖండ దేశమై యుండగా గోదావరీ నది మధ్యకు వచ్చి విభజించినది. పాపం ఆ నది ఎంత కాలంగా అక్కడే ఉందో, ఆ రోజు మొదటిసారి దాని మీద నింద పడింది.

తరలింపు రోజు వచ్చింది. పొద్దున్నే లాంచీలు కట్టారు. మేళం పెట్టారు. లంకలో ఆడా మగా ముసలీ ముతకా అందరినీ ఎక్కించారు. ముర్రా ఉపశాఖను కూడా తేవాలని పట్టుబట్టి మంగాయమ్మ గేదెను ఎక్కించారు. అది లాంచీ మధ్యలో నించుని మేళగాళ్ల వైపే చూస్తూ నెమరేసింది. ఊరంతా ఖాళీ అయింది. లంక మొత్తం మీద మిగిలింది సింహాచలం, ఇద్దరు కానిస్టేబుళ్లు, కోళ్లు.

తూర్పు ఒడ్డున షామియానా వేశారు. దిగినవాడికి దిగినట్టు దండ వేశారు. "మాతృభూమికి స్వాగతము" అని పలక కట్టారు. షామియానా కింద తహసీల్దారు, పక్కన పరాంకుశంగారు.

"యాండ్ర పోసియ్య" అని మొదటి పేరు పిలిచారు.

పోసియ్య వెళ్లి నిలబడ్డాడు. మెళ్లో బంతిపూల దండ.

తహసీల్దారు కళ్లజోడు సవరించుకున్నాడు. "ఇతనికి అవతలలో స్థలం ఇవ్వాలని ఉంది. ఏ అవతల? తూర్పుదా, పడమటిదా?"

పరాంకుశంగారు కాగితాలు తిరగేశారు. ఆ ఒక్క సంగతి నివేదికలో రాయలేదు. "దీనికై మరియొక ఉపసంఘము..." అని మొదలెట్టారు.

"ఉపసంఘం వచ్చేలోగా వరదొత్తాదండి" అంది మంగాయమ్మ గేదె పలుపు చేత్తో పట్టుకుని.

"ఆయన్నే అడుగుదాం" అన్నాడు తహసీల్దారు. భోజనాల వేళైంది. "పెద్దాయనా, మీ అవతల ఏదయ్యా?"

పోసియ్య తిరిగి చూశాడు. ఎదురుగా ఏరు. ఏటి అటుపక్కన పొడుగ్గా లంక. గట్టు అంచున తన ఇల్లు, దూరంనుంచి చూస్తే నీళ్ల మీద వేలాడుతున్నట్టే ఉంది. అంత దూరంనుంచి దాన్ని ఆయన ఎప్పుడూ నింపాదిగా చూడలేదు. లోపలుంటే అంత భయంగా కనపడేది కాదు. దాని వెనకాల, పడమటి కొసన తెల్లగా మేట.

చెయ్యెత్తి చూపించాడు. "ఇక్కణ్ణించి చూత్తే అదేనండి."

"అదే గదండీ అవతల!" అన్నాడు తహసీల్దారు గుమాస్తా. అతను ఆ ఒడ్డునే పుట్టినవాడు. అందులో అనుమానమేముందో అతనికి అర్థం కాలేదు.

అయిపోయింది. అవతల జాతీయులందరికీ అవతలలో, అనగా ఎదురుగా ఉన్న లంకలో, పడమటి మేట మీద స్థలాలు ఖాయమైపోయాయి. మేళం మళ్లీ మొదలైంది. దండలు తీయకుండానే అందరినీ అవే లాంచీల్లో ఎక్కించి సగౌరవంగా వెనక్కి తీసుకొచ్చారు. గేదె దండ మాత్రం దారిలోనే తినేసింది.

రేవులో ఇంకో చిక్కు. మూలవాసుల నేల మీద వలస వచ్చినవాళ్లను దింపాలంటే మూలవాసుల గ్రామసభ ఒప్పుకోవాలి. పరాంకుశంగారు లాంచీలోంచే కేకేశారు. "సభ తీర్చుడు!"

సింహాచలం ఇసకలో ఒక్కడూ కూర్చున్నాడు.

"సభ్యులారా! ఈ అవతల జాతీయులు మీ మేట మీద నివసించుటకు సమ్మతియేనా? సమ్మతించువారు చేతులెత్తవలెను."

సింహాచలం రెండు చేతులూ ఎత్తాడు.

"మెజారిటీతో ఆమోదించడమైనది."

"ఆగండి బావూ, నాదో మాట ఉంది" అన్నాడు సింహాచలం చేతులు దించకుండానే. "ఈళ్లందరూ వలస రావొచ్చును గదా. నాను వలస పోకూడదా?"

పరాంకుశంగారి కళ్లలో నీళ్లు తిరిగాయి. "మూలవాసి వలస! శ్రీకర్, ఇది రాసుకొనుము. మూలవాసి తొలి వలస! మన కళ్లయెదుట! నాయనా, నీవు తక్షణమే వలస పొమ్ము. మేము నీ వెంట వచ్చి అడుగడుగునా అధ్యయనము చేసెదము."

"బొబ్బిలి దాకా చార్జీలు పెట్టుకుంటారా బావూ?"

"మండలియే భరించును."

సింహాచలం కానిస్టేబుళ్ల చేతే పీచుమిఠాయి డబ్బా మోయించుకుని లాంచీ ఎక్కాడు. ఎక్కుతూ మంగాయమ్మ కాళ్లకు దండం పెట్టాడు. పోసియ్యతో "ఎల్లొస్తాను తాతా" అన్నాడు. పోసియ్య ఊఁ అన్నాడు.

లాంచీ కదిలేముందు పరాంకుశంగారు అంచు దగ్గరకొచ్చి జనానికి ఇంకో శుభవార్త చెప్పారు. "మీరు నేడే ఈ లంకకు వలస వచ్చియున్నారు. కొత్తగా వలస వచ్చినవారి స్థితిగతుల మీద సమగ్ర సర్వే రేపటి ఉదయమే ప్రారంభము. శ్రీకర్ ఇచ్చటనే ఉండును. మీరు ఎచటినుండి వచ్చితిరి, ఏల వచ్చితిరి అను ప్రశ్నలకు సిద్ధముగా ఉండుడు."

మర్నాడు తెల్లారకుండానే పోసియ్య లేచాడు. పాత ఇంటి వీధి తలుపు, దాని ద్వారబంధంతో సహా ఊడదీశాడు. మంగాయమ్మ ఒక కొస, ఆయన ఒక కొస పట్టుకుని మేట మీదకు మోసుకెళ్లారు. తమకు చూపించిన జాగాలో గోతులు తవ్వి, ద్వారబంధం నిలబెట్టి, తడి ఇసక పోసి కాలితో తొక్కాడు. తలుపు బిగించాడు. గోడలు ఇంకా లేవు, కప్పూ లేదు. దూరంగా శ్రీకర్ సంచీ తగిలించుకుని వస్తున్నాడు. పోసియ్య మంగాయమ్మను లోపలికి రమ్మన్నాడు. తలుపు వేసి, గడియ పెట్టి, చుట్ట ముట్టించుకుని ఇసకలో చతికిలబడ్డాడు.

శ్రీకర్ వచ్చాడు. మర్యాద తెలిసిన కుర్రాడు గనక గుమ్మం ముందు చెప్పులు విడిచి, తలుపు తట్టాడు. కాసేపు ఆగి మళ్లీ తట్టాడు.

లోపలినుంచి ఎవరూ పలకలేదు.